రాహువు అడిగిన వాటా

ఎనిమిదో తరగతి పిల్లల ముందు నేను రెండు కాగితాలు పెడతాను. ఒకదాని మీద రాహువు తల తెగిన కథ ఉంటుంది, పిల్లల భాషలో పేజీన్నర. రెండోదాని మీద చంద్రగ్రహణం ఎలా ఏర్పడుతుందో చెప్పే నాలుగు పేరాలు, పక్కన ఒక బొమ్మ. రెండూ చదివి పోల్చమంటాను. తెలుగు వాచకాల్లో ‘అవగాహన – ప్రతిస్పందన’ కింద ఇలాంటి పని ఎప్పుడూ ఉండేదే: పేరా చదవండి, ప్రశ్నలకు జవాబులు రాయండి, పాఠంతో పోల్చండి. పిల్లలు దాన్ని మార్కుల లెక్కన తొందరగా ముగించేస్తారు. నిలువుగా ఒక గీత గీసి అటు నాలుగు వాక్యాలు, ఇటు నాలుగు వాక్యాలు. రాహువు కథ దగ్గర మాత్రం ఆ గీత నిలవదు. ఏ ఏడాదైనా సరే, పీరియడ్ సగం కాకముందే ఎవరో ఒకరు లేచి అడుగుతారు: “అయితే కథ అబద్ధమా మేడం?”

పిల్లవాడు అడిగాడని అది చిన్న ప్రశ్న అయిపోదు. మతం చెప్పే మాటను ఏ విధంగా నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నదే అందులో ఉంది. తెలుగు పంతులమ్మగా ఇంతకన్నా బరువైన ప్రశ్న నాకు ఎదురుకాలేదు.

మాది శ్రీకాళహస్తికి దగ్గరి పల్లెలో ఉన్న ఉన్నత పాఠశాల. ఇక్కడ రాహువు ఇంటి మనిషంత దగ్గర. రాహుకేతు పూజ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనానికి పూలు అమ్మేవాళ్లు, ఆటో తోలేవాళ్లు, టిఫిను బండి నడిపేవాళ్లు మా పిల్లల అమ్మానాన్నలే. గ్రహణమంటే తిరుమలలో తలుపులు మూస్తారు, ఊరూరా గుళ్లు మూస్తారు. శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది. గ్రహణ వేళ అక్కడ అభిషేకాలు జరుగుతాయి. 2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చినప్పుడు మా తరగతిలో చాలామంది ఇళ్లలో సాయంత్రానికే వంట ముగించి, ఊరగాయ జాడీల మీద దర్భ వేసి, పిల్లల్ని లోపల పడుకోబెట్టారు. కొందరు మిద్దెలెక్కి మబ్బుల సందుల్లోంచి చూశారు. ఇద్దరు ముగ్గురు అమ్మానాన్నలతో పాటు గుడి దగ్గరే ఉన్నారు, ఆ రాత్రి వాళ్లకు మంచి బేరాలు. మరునాడు నా రెండు కాగితాలు పంచాను. ఈ పిల్లలతో కథ అబద్ధం అని తేల్చేస్తే వాళ్ల అవ్వను అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. కథే నిజం అంటే పక్క గదిలో సైన్సు మాస్టారు బోర్డు మీద గీసిందాన్ని నేను చెరిపేసినట్టవుతుంది. ఈ రెండు పనులూ చేసే హక్కు నాకు లేదనుకుంటాను.

మొదట సమాచారం కాగితం చదివిస్తాను. కథ ముందు చదివితే పిల్లలు రెండోదాన్ని నీరసంగా చూస్తారు, అది నాకిష్టం ఉండదు. ఆ నాలుగు పేరాల్లో ఉన్న వింత తక్కువదా? సూర్యుడి వెలుగుకు అవతలి వైపున భూమి నీడ పోనుపోను సన్నబడుతూ దాదాపు 14 లక్షల కిలోమీటర్ల దాకా సాగుతుంది. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నాడు. అంత దూరంలో కూడా ఆ నీడ చంద్రుడి వెడల్పుకు రెండున్నర రెట్లకు పైగానే ఉంటుంది, అందుకే చంద్రుడు పూర్తిగా అందులో మునిగి గంటకు పైగా ఉండగలడు. మరి ప్రతి పున్నమికీ గ్రహణం రావాలి కదా అని పిల్లలు అడగాలి. అడక్కపోతే నేనే అడుగుతాను. చంద్రుడు తిరిగే దారి భూమి తిరిగే దారికి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంది. చాలా పున్నములకు చంద్రుడు నీడకు పైనుంచో కిందినుంచో తప్పుకుని పోతాడు. ఆ రెండు దారులూ కలిసే చోటికి చంద్రుడు దగ్గరగా ఉన్నప్పుడు పున్నమి వస్తేనే గ్రహణం. ఆ ఆదివారం రాత్రి 9:57కు నీడ అంచు తగిలింది, 11:01కి చంద్రుడు పూర్తిగా మునిగాడు, 12:23 దాకా అందులోనే ఉన్నాడు. ఈ వేళలు ముందే అందరికీ తెలుసు.

మునిగిన చంద్రుడు మాయమైపోకుండా రాగి రంగులో ఎందుకు కనబడ్డాడు? ఆ సమయంలో భూమి అంచు పొడవునా ఎక్కడెక్కడ తెల్లవారుతోందో, ఎక్కడెక్కడ పొద్దుగుంకుతోందో, అక్కడి ఎర్రటి వెలుగంతా గాలిపొరలో వంగి వెళ్లి చంద్రుడి మీద పడింది. ఈ వాక్యం దగ్గర తరగతి కాసేపు ఆగుతుంది. లోకంలోని ఉదయాలూ సాయంత్రాలూ ఒక్కచోట చేరిన రంగు అది. సమాచారమంటే పొడి మాటలని, అందమంతా కథల్లోనే ఉంటుందని అనుకునే తెలుగు టీచర్లు ఈ ఒక్క వాక్యం పిల్లలతో బిగ్గరగా చదివించి చూడాలి.

తర్వాత, “ఇది నిజమని మనకెలా తెలుసు?” అని అడగమంటాను. ఆ ప్రశ్న వేయడమే సమాచారానికి మనం ఇచ్చే గౌరవం. మిద్దె మీంచి చూసిన పిల్లలు ఇక్కడ పనికొచ్చారు. చంద్రుడి మీద పాకిన నీడ అంచు వంపు తిరిగి ఉందని ఇద్దరు బోర్డు మీద గీసి చూపించారు. గ్రీసులో అరిస్టాటిల్ సరిగ్గా ఆ వంపును చూపించే భూమి గుండ్రమని వాదించాడని చెప్పాను. అప్పుడొక పిల్ల లేచి, “గ్రహణం పట్టినప్పుడు నీళ్ల తాంబాళంలో రోకలి దానంతటదే నిలబడుతుంది మేడం, మా వీధిలో నిలబెట్టినారు” అంది. దగ్గరి ఇంటి నుంచి రోకలి తెప్పించి, గ్రహణం లేని పట్టపగలు వరండాలో నిలబెట్టాం. నిలబడింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. ఆ పిల్ల చిన్నబుచ్చుకోకూడదని, “నీ మాట వల్లే ఈ పరీక్ష చేసినాం, నువ్వు చెప్పకపోతే మాకు తట్టేది కాదు” అన్నాను. సమాచారమని చెప్పుకునే ఏ మాటైనా ఇలా వరండాలోకి రావలసిందే. పుస్తకంలో ఉన్నదైనా, అవ్వ చెప్పిందైనా, నేను చెప్పిందైనా.

ఇక కథ. నన్నయ ఆదిపర్వంలో ఉంది, పోతన అష్టమ స్కంధంలో ఉంది. దేవతలూ రాక్షసులూ కలిసి మందరగిరిని కవ్వం చేసి, వాసుకిని తాడు చేసి పాలసముద్రం చిలికారు. కష్టం ఇద్దరిదీ. అమృతం వచ్చాక పంపకం వచ్చింది. విష్ణువు మోహినిగా వచ్చి, వడ్డన దేవతలకే చేశాడు. రాక్షసుల్లో ఒకడైన రాహువు వేషం మార్చుకుని దేవతల మధ్య కూర్చున్నాడు. సూర్యచంద్రులు గుర్తుపట్టి చెప్పారు. అమృతం గొంతు దిగేలోపే విష్ణువు చక్రం తల తెంచింది. మొండెం పడిపోయింది, తలకు చావు లేకుండా పోయింది. ఆ తలకు సూర్యచంద్రుల మీద పగ.

ఈ కథను చదివాక “ఎలా తెలుసు?” అని అడగడం మానేసి, “ఎవరిది తప్పు?” అని అడగండి. తరగతి మారిపోతుంది. వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొస్తారు. రాహువుది దొంగతనం అన్నాడు ఒకడు, వేషం వేసుకుని పక్కవాడి వరసలో కూర్చోవడం దొంగతనమేనని. వాడి మాట పూర్తికాకముందే ఒక అమ్మాయి లేచింది. “పని అందరూ చేసినారు, కూలి ఒక వరసకే ఇచ్చినారు. చెనిక్కాయలు పెరికేటప్పుడు మా అమ్మోళ్లకు అట్ల చేస్తే ఊరుకుంటారా మేడం?” కథలో నేను ఇరవై ఏళ్లుగా చదువుతున్న వాక్యాన్ని ఆ పిల్ల చేనులోకి తీసుకొచ్చి నిలబెట్టింది. ఇంకొకడు దానికి అడ్డం తగిలాడు: రాక్షసులకు చావు లేకుండా చేస్తే మిగిలినవాళ్ల బతుకేం కావాలి? అమృతం కూలి డబ్బు లాంటిది కాదు, ఎవరి చేతిలో పడుతుందో చూసుకోవాలి గదా. కష్టపడినవాడికి వాటా ఇవ్వడం న్యాయం. లోకాన్ని కాపాడటం కూడా న్యాయమే. రెండు న్యాయాలు ఒకదానికొకటి ఎదురు నిలబడితే ఏం చెయ్యాలో పదమూడేళ్ల పిల్లలు గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. ధర్మసూక్ష్మం అని పెద్దలు అనేది ఇదే.

ఎప్పుడూ మాట్లాడని అబ్బాయి ఒకడు చివర్లో అడిగాడు: “సూర్యుడు, చంద్రుడు చెప్పింది చాడీనా, సాక్ష్యమా?” ఎవరూ వెంటనే జవాబివ్వలేదు. ఊళ్లో తగాదాల్లో ఉన్న మాట ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాటలు పడిన ఇళ్లు పిల్లలకు తెలుసు. నిజం చెప్పినవాడికి శాశ్వతంగా ఒక పగవాడు తయారవుతాడని కథ దాచకుండా చెబుతోంది. చెప్పినందుకు సూర్యచంద్రులు మళ్లీ మళ్లీ చీకటి పాలవుతారు, మళ్లీ మళ్లీ బయటికొస్తారు. రాహువు సంగతీ అంతే. మింగగలడు, కడుపు లేదు. ఎంత మింగినా గొంతు కింది నుంచి జారిపోతుంది. తీరని ఆశకు ఇంతకన్నా భయంకరమైన రూపం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

అప్పుడు ప్రశ్నలు తారుమారు చేస్తాను. గ్రహణం పేరాలో ఎవరిది తప్పు? పిల్లలు వెతికి వెతికి, అందులో ఎవరూ లేరంటారు. నీడకు పగ లేదు, భూమికి వాటా అక్కర్లేదు. సరే, కథ చదివి వచ్చే గ్రహణం ఎప్పుడో చెప్పండి. కథలో తేదీ లేదు. రాహువుకు ఎప్పుడు కోపమొస్తుందో ఏ పద్యమూ గంటలు నిమిషాలతో చెప్పదు. ఆ సెప్టెంబరు తర్వాతి చంద్రగ్రహణం 2026 మార్చి 3న అని రెండో కాగితమే చెప్పాలి. ఈ చోటికి వచ్చేసరికి పిల్లల నోట్సులో ఆ నిలువు గీతకు అటూ ఇటూ రాయాల్సినవి మారిపోతాయి. ‘కథలో పాత్రలుంటాయి, సమాచారంలో ఉండవు’ అని రాసే పిల్లలు, ఏ కాగితం ఏ ప్రశ్నకు పుట్టిందో రాయడం మొదలుపెడతారు. పోల్చడం అంటే నా దృష్టిలో ఇదే. ఎవరు గెలిచారో తేల్చే తీర్పు రాయడం పోలిక అనిపించుకోదు.

ఈ చిక్కును మన దేశంలో ఎప్పుడో పట్టుకుని కూర్చున్నవాళ్లు వేదమే ప్రమాణమన్న మీమాంసకులు. నాస్తికులు వేసిన ప్రశ్న అనుకుని భయపడేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. వాళ్ల మూలగ్రంథమైన జైమిని సూత్రాల్లో మొదటి అధ్యాయం రెండో పాదం ఈ వాదంతోనే మొదలవుతుంది. వేదం ఫలానా పని చెయ్యమని చెప్పడానికే గదా ఉంది, మరి మధ్యలో ఈ కథలెందుకు? అగ్ని ఏడ్చాడట, ఆ కన్నీరు వెండి అయిందట. అది విని ఎవరు ఏం చెయ్యాలి? అలాంటి వాక్యాలు దండగ అంటాడు పూర్వపక్షి. సిద్ధాంతి చెప్పే జవాబు ఇది: ఆ కథను విడిగా చదవకు, పక్కనున్న విధితో కలిపి చదువు. యజ్ఞంలో వెండిని దక్షిణగా ఇవ్వొద్దనే మాట అక్కడే ఉంది. కన్నీటి కథ ఆ మాటకు బలం. వెండి ఎలా పుట్టిందో నేర్పడం దాని పని కాదు. వినేవాడి మనసును ఒక పని నుంచి వెనక్కి లాగడం దాని పని. ఇలాంటి వాక్యాన్ని అర్థవాదం అన్నారు. తర్వాతివాళ్లు దాన్ని మూడు తీరులుగా విడదీశారు. యజ్ఞంలో నాటే యూపస్తంభమే సూర్యుడు అన్న మాట కంటికి కనబడేదానికి విరుద్ధం, కాబట్టి పోలికగానే తీసుకోవాలి, అది గుణవాదం. చలికి నిప్పు మందు అన్నది మనకు ముందే తెలిసినదాన్ని మళ్లీ చెప్పడం, అది అనువాదం. ఇంద్రుడు వృత్రుడి మీద వజ్రం ఎత్తాడన్నది ఈ రెండింటిలోనూ చేరదు, అవునని గానీ కాదని గానీ చెప్పడానికి వేరే ఆధారం లేదు, అది భూతార్థవాదం.

ఈ పేర్లు నేను ఎనిమిదో తరగతికి చెప్పను. పని మాత్రం చేయిస్తాను. కథలోని ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టమంటాను: ఇది మనం చూసేదానికి ఎదురు పోతోందా, మనకు తెలిసిందే చెబుతోందా, లేక తేల్చలేమా? తిరగేసి అదే గుర్తులు సమాచారం కాగితం మీదా పెట్టమంటాను. అక్కడ తమాషా ఏమిటంటే, చాలామంది పిల్లలు ‘14 లక్షల కిలోమీటర్లు’ పక్కన ‘తేల్చలేము’ అని రాశారు. నిజాయితీగా రాశారు. “మీరు తేల్చలేరు సరే, తేల్చే దారి ఉందా?” అని అడిగాను. ఉంది, భూమి ఎంత, సూర్యుడు ఎంత, మధ్య దూరం ఎంత అన్నవి తెలిస్తే పదో తరగతిలో నేర్చుకునే సరూప త్రిభుజాలతో ఆ లెక్క తేలుతుంది. ఇంద్రుడి వజ్రానికి అలాంటి దారి లేదు. ఇప్పుడు తెలియకపోవడం వేరు, తెలుసుకునే మార్గమే వేరే రకంగా ఉండటం వేరు. పిల్లలకు ఈ తేడా అందిన రోజు నాకు పండగ.

జ్యోతిష గ్రంథాలు రాసినవాళ్లూ ఈ రెండు కాగితాలనూ ముందు పెట్టుకున్నవాళ్లే. ఆర్యభటుడు 499లో, ఇరవైమూడేళ్ల వయసులో, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడని రాశాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహుచారమని ఒక అధ్యాయమే రాసి, మొదట జనం నమ్మే మాటలన్నీ చెప్పి, వాటిని యుక్తితో తోసిపుచ్చి, గ్రహణానికి కారణం రాహువు కాదన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. గ్రహణ వేళ జనం చేసే దానాల్లో, హోమాల్లో రాహువుకు భాగం ఉండేట్టు బ్రహ్మ వరమిచ్చాడు కాబట్టి ఆ సమయానికి ఆయన అక్కడికి వస్తాడని చెప్పాడు. లెక్క నీడకు ఇచ్చాడు, వాటా రాహువుకు ఇచ్చాడు. పాలసముద్రం దగ్గర దక్కని వాటా! ఇది చదివినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది. బ్రహ్మగుప్తుడి దారి వేరు. 628 నాటి తన గ్రంథంలో గ్రహణాల లెక్కలన్నీ నీడలతోనే కట్టి, రాహువును కాదన్న ఆర్యభటుణ్ణి మాత్రం శాస్త్ర విరుద్ధుడని తప్పుపట్టాడు. పదకొండో శతాబ్దంలో మన దేశం గురించి రాసిన అల్ బిరూనీకి ఇది కొరుకుడు పడలేదు. ఇంత తెలిసినవాడు మనసుకు విరుద్ధంగా ఎందుకు మాట్లాడాడు, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడ్డాడా అని అనుమానించాడు. తెలిసిన మాటను తెలిసినట్టు చెప్పలేని స్థితి పండితుడికి రాకూడదు. బడికి అసలే రాకూడదు.

ఈ మధ్య పిల్లలు ఫోన్లలో చూసొచ్చి చెప్పే మాట ఇంకొకటి ఉంది. మన పూర్వీకులు సైన్సును కథలో దాచిపెట్టారు, రాహువూ కేతువూ అంటే సూర్యుడి దారీ చంద్రుడి దారీ ఖండించుకునే రెండు బిందువులే, అంతకు మించి ఏమీ లేదు అని. జ్యోతిష గ్రంథాల్లో ఆ బిందువులకు ఆ పేర్లున్న మాట నిజం. అవి వెనక్కి జరుగుతూ దాదాపు 18.6 ఏళ్లకు ఒక చుట్టు వస్తాయన్నదీ నిజం. అంతమాత్రాన కథ ఆ బిందువుల గుట్టు విప్పే తాళంచెవి అయిపోతే, మోహిని ఎందుకు? వడ్డన ఎందుకు? సాక్ష్యం చెప్పడం ఎందుకు? చెనిక్కాయల పిల్ల అడిగిన ప్రశ్న ఎక్కడికి పోవాలి? కథలో ఉన్న ఆకలినీ అన్యాయాన్నీ ఊడ్చేసి రెండు చుక్కలు మిగుల్చుకుంటే దానికి ఏ గౌరవం దక్కినట్టు? ఆర్యభటుడికీ అన్యాయమే జరుగుతుంది. ఆయన ఆకాశాన్ని చూసి, లెక్క కట్టి తెలుసుకున్నదాన్ని కథలోంచి తవ్వి తీసినట్టు చెప్పడం ఆయన శ్రమను కాజేయడమే.

అబద్ధమా నిజమా అన్న ప్రశ్నను నేను ఇంత పట్టుదలగా విడదీయడానికి కారణం ఒక తల్లి. ముందు పనిచేసిన ఊళ్లో ఆమె కూతురు నా తరగతిలో చదివేది. పిల్లకు పుట్టుకతో గ్రహణం మొర్రి, చిన్నప్పుడే ఆపరేషన్ చేయించారు, పెదవి మీద సన్నటి గీత మిగిలింది. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు చదువు గురించి మాట్లాడి ముగించాక ఆమె లేవకుండా కూర్చుంది. “గ్రహణం పట్టిన పొద్దు నేను బయటికి రాలేదు మేడం. తలుపేసుకునే ఉన్నా. కత్తిపీట ముట్టినానేమో గుర్తు రాలేదు” అంది. పన్నెండేళ్లుగా ఆమె ఆ ఒక్క రాత్రిని తవ్వుకుంటోంది. అత్తగారింట్లో ఆమెను నిలబెట్టి అడిగినవాళ్ల చేతిలో ఉన్నది ఏ పురాణమూ కాదు. పురాణంలో రాహువు పగ సూర్యచంద్రుల మీదే, కడుపులో ఉన్న బిడ్డ మీద కాదు. కథను సమాచారంగా మార్చి, ఆ సమాచారాన్ని ఒక ఆడమనిషి మీద నేరంగా మోపారు.

ఇక్కడ మధ్యేమార్గం లేదు. పై పెదవి గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల అతుక్కుంటుంది, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. గర్భమని తల్లికి తెలిసీ తెలియని రోజులవి. ఆ అతుకు సరిగా పడకపోవడానికి జన్యువులు ఒక కారణం. గర్భానికి ముందే ఉన్న మధుమేహం, పొగతాగడం, కొన్ని మందులు ప్రమాదాన్ని పెంచుతాయి. చాలామందిలో ఫలానా అని ఒక కారణం చెప్పలేరు. గ్రహణానికి మాత్రం ఇందులో చోటు లేదు. నేను ఆమెకు ఈ మాటలు రెండుసార్లు చెప్పాను, రెండోసారి కూతురి ముందర. శంకరాచార్యులు గీతాభాష్యంలో, నిప్పు చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా ఆ విషయంలో అవి ప్రమాణం కావని అన్నారు. ప్రత్యక్షంగా తెలిసే సంగతుల్లో ప్రత్యక్షానిదే మాట. అంతటి ఆచార్యుడు వేదానికే ఆ హద్దు గీసినప్పుడు, వీధిలో వాళ్లు చెప్పే మాటకు ఏ హద్దూ లేకుండా ఒక తల్లి పన్నెండేళ్లు నలిగిపోవడం ఏ మతం?

నేను గుడికి పోతాను. వాయులింగం ముందు దీపం ఎవరూ ఊదకుండానే కదలడం చూస్తూ నిలబడతాను. రాహువు చంద్రుణ్ణి మింగితే వదిలించుకోవడానికి పోను, నీడ వచ్చినదారినే పోతుందని తెలుసు. దేవుడు వడ్డించిన విస్తరిలోనే వాటా దక్కనివాడు ఒకడున్నాడని, వాడి ఆకలిని మతం మర్చిపోకుండా ఒక గుడిలో పూజగా నిలిపిందని అనుకుంటాను. అది నన్ను నిలదీస్తుంది. నా తరగతిలో ఎవరికి వడ్డన అందలేదు, ఎవరు వేషం మార్చుకుని పక్కవాడి వరసలో కూర్చోవలసి వస్తోంది అని. నా భక్తి ఆ ప్రశ్నలోనే ఉంది. గ్రహణం ఎన్ని గంటలకో చెప్పే కాగితం ఈ ప్రశ్న అడగలేదు, అడగమని దాన్ని బలవంతపెట్టను.

రాహువు తర్వాత పిల్లలకు ఇచ్చే జత మా ఊరి జతే: కన్నప్ప కథ, నేత్రదానం మీద ఒక పేరా. తర్వాత కన్నప్ప అయిన తిన్నడు పుక్కిట నీళ్లు తెచ్చి లింగానికి పోయడం, కంటి నుంచి నెత్తురు కారితే తన కన్ను పెరికి పెట్టడం, రెండో కన్ను కూడా కారితే చోటు తెలియడానికి పాదం ఆనించడం ధూర్జటి కావ్యంలోనూ ఉంది, అంతకు ముందే తమిళంలో పెరియ పురాణంలోనూ ఉంది. పేరాలో ఉన్నవి వేరే సంగతులు. చనిపోయిన ఆరు గంటల లోపు కళ్లు తీయాలి. అప్పటిదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి. మరొకరికి అమర్చేది కన్నంతా కాదు, ముందున్న పారదర్శకమైన కార్నియా పొర మాత్రమే. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లూ, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లూ ఇవ్వొచ్చు.

ఈ జత దగ్గర “కథ అబద్ధమా?” అని ఎవరూ అడగలేదు. రెండు కాగితాలూ ఒకే దిక్కుకు పోతున్నట్టు కనిపించడం వల్ల కావచ్చు. అందుకని పోలిక తేలికవుతుందనుకున్నాను, కాలేదు. సాక్ష్యమా చాడీనా అని అడిగిన అబ్బాయే మళ్లీ లేచాడు. పేరాలో చనిపోయినాకే ఇవ్వాలని ఉంది, కథలో శివుడు రెండో కన్ను పెరకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపినాడు, కాబట్టి బతికుండగా ఇవ్వొద్దనే రెండూ చెబుతున్నాయన్నాడు. చెనిక్కాయల పిల్ల ఒప్పుకోలేదు. “మొదటి కన్ను తీసుకునేదాకా ఎందుకు ఆగినాడు మరి? లెక్క చూసుకోకుండా ఇచ్చేవాడు ఎట్లుంటాడో కథ చెప్తాంది. పేరాలో ఆరు గంటల లెక్క ఉంది. ఆ లెక్క లేకపోతే కన్ను ఎవరికీ పనికిరాదు. రెండూ ఒకటే అంటే నేను రాయను మేడం” అంది. తరగతి రెండుగా చీలింది. వాళ్లు రాసిన కాగితాలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి. దిద్దుతున్నాను, ఆ పిల్ల మాట ఒప్పుకున్నవాళ్లు తొమ్మిది మంది, ఆ అబ్బాయి వైపు పదిహేడు మంది, ఇద్దరు మాత్రం ఇంటికి పోయి అమ్మను అడిగి రాస్తామన్నారు.